బార్ కౌన్సిల్ ఏడాది పొడవునా ఏం చేస్తుంది? గోదావరి డెల్టా కోర్టుల నుంచి చూస్తే

క్లుప్తంగా

న్యాయవాదిని రోల్‌లో (న్యాయవాదుల అధికారిక జాబితాలో) చేర్చుకునేది, అతని సంక్షేమం చూసేది, అతని మీద ఫిర్యాదు వస్తే విచారించేది ఒక్క సంస్థే: రాష్ట్ర బార్ కౌన్సిల్. ఆ సంస్థను నడిపేవాళ్లను ఎన్నుకునేదీ న్యాయవాదులే. 2024లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పుతో నమోదు ఫీజుల ఆదాయానికి గండి పడింది. అదే ఏడాది వచ్చిన మరో తీర్పుతో కక్షిదారుల ఫిర్యాదుల బరువు ఈ సంస్థ మీద పెరిగింది. భూతగాదాలు ఎక్కువగా ఉండే గోదావరి డెల్టాలో ఈ రెండు మార్పులూ జూనియర్ న్యాయవాదికీ, వాయిదాల కోసం తిరిగే రైతుకూ నేరుగా తగిలేవే.

మూడు సంస్థలు, ఒకే నల్లకోటు

అమలాపురంలోనో నరసాపురంలోనో కోర్టు ఆవరణలో కనిపించే బోర్డు మీద బార్ అసోసియేషన్ అని ఉంటుంది. పేపర్లో వచ్చే వార్తలో బార్ కౌన్సిల్ అని ఉంటుంది. రెండూ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది. బార్ అసోసియేషన్ ఒక కోర్టులో పనిచేసే న్యాయవాదులు తమకు తాము ఏర్పాటు చేసుకున్న సంఘం. కూర్చునే హాలు, లైబ్రరీ, న్యాయమూర్తులతో మాట్లాడుకోవాల్సిన రోజువారీ ఇబ్బందులు, వీడ్కోలు సభలు దాని పరిధిలోవి. ఒక ప్లీడరు మోసం చేశాడని ఆ సంఘం అధ్యక్షుడికి చెప్పుకుంటే పిలిచి మందలించవచ్చు, రాజీ కుదర్చవచ్చు. సన్నదు (ప్రాక్టీసు చేసే అనుమతి పత్రం) రద్దు చేసే అధికారం మాత్రం ఆయనకు లేదు.

ఆ అధికారం 1961 నాటి అడ్వకేట్స్ చట్టం ప్రకారం ఏర్పడిన రాష్ట్ర బార్ కౌన్సిల్‌ది. దాని పైన ఢిల్లీలో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఉంటుంది. వృత్తి నియమాలు రాసేదీ, లా కాలేజీలకు గుర్తింపు ఇచ్చేదీ, ఆలిండియా బార్ పరీక్ష పెట్టేదీ అదే. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2019 జనవరి 1 నుంచి అమరావతిలో పనిచేస్తోంది. ఒకప్పుడు హైదరాబాద్ వెళ్లాల్సిన బార్ కౌన్సిల్ పనులకు డెల్టా న్యాయవాదులు ఇప్పుడు కృష్ణా నది దాటితే చాలు.

జిల్లాల విషయంలో ఇంకో చిక్కు ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు పునర్వ్యవస్థీకరించాక అమలాపురం, భీమవరం కలెక్టరేట్లు ఉన్న పట్టణాలయ్యాయి. జిల్లా ప్రధాన కోర్టులు మాత్రం పాత ఉమ్మడి జిల్లాల లెక్కనే రాజమహేంద్రవరంలోనూ, ఏలూరులోనూ కొనసాగాయి. రెవెన్యూ అప్పీలుకు ఒక ఊరు, సివిల్ అప్పీలుకు ఇంకో ఊరు తిరగాల్సిన పరిస్థితి కోనసీమ కక్షిదారుకు అలా వచ్చింది. బార్ అసోసియేషన్ల తీర్మానాల్లో కొత్త కోర్టుల డిమాండు తరచూ కనిపించడానికి ఇదొక కారణం.

ఏడాదిలో ఏయే పనులు

చట్టంలోని 6వ సెక్షన్ రాష్ట్ర బార్ కౌన్సిల్ విధులను వరసగా చెబుతుంది. న్యాయవాదుల రోల్ తయారుచేసి నిర్వహించడం, దుష్ప్రవర్తన కేసులు తేల్చడం, న్యాయవాదుల హక్కులు కాపాడడం, సెమినార్లు జరపడం, పేదలకు న్యాయ సహాయం, నిధుల నిర్వహణ, ఎన్నికలు. వీటిలో సెమినార్లకు ఫొటోలు ఎక్కువ. అసలు పని రోల్ దగ్గర, ఫైళ్ల దగ్గర జరుగుతుంది.

లా డిగ్రీ ఫలితాలు వచ్చాక ఏడాదిలో పలుమార్లు ఎన్‌రోల్‌మెంట్లు జరుగుతాయి. రాజమహేంద్రవరం, ఏలూరు, భీమవరం లా కాలేజీల్లో చదివినవాళ్లు సర్టిఫికెట్లతో దరఖాస్తు పెడతారు. ఎన్‌రోల్‌మెంట్ కమిటీ వాటిని పరిశీలిస్తుంది. నమోదైన వ్యక్తి ఆ తర్వాత ఆలిండియా బార్ పరీక్ష గట్టెక్కాలి. ఈ పరీక్షను 2010లో ప్రవేశపెట్టారు. దాని చెల్లుబాటును సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2023 ఫిబ్రవరిలో సమర్థించింది.

రోల్ నిర్వహణ అంటే కొత్త పేర్లు రాసుకోవడంతో అయిపోదు. చనిపోయినవాళ్లు, ఉద్యోగాల్లో చేరి ప్రాక్టీసు ఆపినవాళ్లు, ఇంకో రాష్ట్రానికి మారినవాళ్లు, నకిలీ డిగ్రీతో చేరినవాళ్లు, ఇలా అందరినీ వేరుచేయాలి. ఇందుకోసం బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2015లో సర్టిఫికెట్ల పరిశీలన నియమాలు తెచ్చింది. యూనివర్సిటీలు డిగ్రీలను సరిచూసి పంపడంలో ఆలస్యం, న్యాయవాదులు ఫారాలు నింపడంలో ఆలస్యం కలిసి దేశమంతటా ఈ పని ఏళ్ల తరబడి సాగింది. ఓటర్ల జాబితా ఈ రోల్ మీదే ఆధారపడుతుంది కాబట్టి, పరిశీలన పూర్తికాలేదన్న కారణంతో చాలా రాష్ట్రాల్లో ఎన్నికలూ వాయిదా పడ్డాయి.

ఇక లెక్కలు. ఆర్థిక సంవత్సరం ముగిశాక ఆడిట్ చేయించిన లెక్కలను మరుసటి ఏడాది డిసెంబరు 31లోగా బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు పంపి, గెజెట్‌లో ప్రచురించాలని 12వ సెక్షన్ చెబుతుంది. గెజెట్ తెరిచి ఈ లెక్కలు చదివే న్యాయవాదులు తక్కువే. అయినా సంస్థ ఎలా నడుస్తోందో తెలియాలంటే చూడాల్సిన మొదటి కాగితం అదే.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది

బార్ కౌన్సిల్‌కు ప్రభుత్వ శాఖలకు ఉన్నట్టు ఏటా బడ్జెట్ కేటాయింపు ఉండదు. ప్రధాన ఆధారం న్యాయవాదుల దగ్గర వసూలయ్యే ఫీజులే. చట్టంలోని 24వ సెక్షన్ నమోదు ఫీజును రాష్ట్ర కౌన్సిల్‌కు 600, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు 150, మొత్తం 750 రూపాయలుగా నిర్ణయించింది. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు అది 125 రూపాయలు. 1993 సవరణలో పెట్టిన ఈ మొత్తాన్ని పార్లమెంటు మళ్లీ ముట్టుకోలేదు. ధరలు పెరిగాయి, సిబ్బంది జీతాలు పెరిగాయి, చట్టంలో అంకె మాత్రం అక్కడే ఉంది.

ఈ తేడాను పూడ్చుకోవడానికి రాష్ట్ర కౌన్సిళ్లు లైబ్రరీ ఫండ్, గుర్తింపు కార్డు, పరిశీలన చార్జీ, సంక్షేమ నిధి లాంటి పేర్లతో అదనంగా వసూలు చేసేవి. ఒడిశాలో ఈ మొత్తం 42 వేలు దాటింది, కేరళలో 20 వేలు దాటింది. 2024 జూలై 30న గౌరవ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు దీనికి అడ్డుకట్ట వేసింది. నమోదుకు షరతుగా చట్టంలో ఉన్న మొత్తం కంటే ఒక్క రూపాయి కూడా ఎక్కువ తీసుకోరాదని, అంత ఫీజు పెడితే బలహీన వర్గాల పిల్లలకు వృత్తి తలుపులు మూసినట్టేనని చెప్పింది. పాత వసూళ్లు తిరిగి ఇవ్వనక్కరలేదని కూడా అదే తీర్పులో ఉంది. ఐచ్ఛికం అనే పేరు పెట్టి అదనపు మొత్తం తీసుకోవడమూ కుదరదని 2025 ఆగస్టులో కర్ణాటక కౌన్సిల్ విషయంలో మరోసారి స్పష్టం చేసింది.

కౌలు రైతు ఇంటి నుంచి లా చదివి వచ్చిన పిల్లకు ఈ తీర్పు పెద్ద ఊరట. ఫీజుల పేరుతో అంతకాలం మోపిన భారానికి చట్టంలో ఆధారం లేదు కాబట్టి తీర్పు న్యాయమైనదనే చెప్పాలి. అయితే ఆ డబ్బుతో నడిచిన సంక్షేమానికి బదులు ఏమిటన్నది తేలలేదు. పార్లమెంటు 24వ సెక్షన్‌ను సవరించాలి, లేదా ఇప్పటికే ప్రాక్టీసులో ఉన్న న్యాయవాదులు తమ వాటా పెంచుకోవాలి, లేదా ప్రభుత్వాలు సాయం చేయాలి. రెండో దారిలో ఓ ఇబ్బంది ఉంది. సీనియర్ల దగ్గర ఎక్కువ వసూలు చేద్దామన్న సభ్యుడు తర్వాత ఓటు అడగాల్సింది ఆ సీనియర్లనే.

సంక్షేమ నిధి లెక్క వేరు. ఆంధ్రప్రదేశ్ న్యాయవాదుల సంక్షేమ నిధి చట్టం 1987లో వచ్చింది. దీని ప్రకారం కోర్టులో దాఖలు చేసే వకాల్తా (కక్షిదారు తన కేసును న్యాయవాదికి అప్పగించే పత్రం) మీద కోర్టు ఫీజు స్టాంపుతో పాటు సంక్షేమ స్టాంపు కూడా అంటించాలి. ఆ స్టాంపుల సొమ్ము నిధికి చేరుతుంది. నిధిలో సభ్యులైన న్యాయవాది చనిపోతే నామినీకి, వృత్తి మానుకుంటే సర్వీసును బట్టి న్యాయవాదికి సాయం అందుతుంది. మామూలుగా స్టాంపు ఖర్చు వకాల్తా ఇచ్చేవాడిదే. అంటే రాజోలు కోర్టులో గట్టు తగాదా మీద దావా వేసిన రైతు కూడా తెలియకుండానే ఈ నిధికి చందా కడుతున్నాడు. న్యాయవాదుల గుమాస్తాల కోసం విడిగా మరో సంక్షేమ చట్టం ఉంది.

వకాల్తాలు ఎక్కువ పడే పెద్ద కోర్టుల్లో స్టాంపులు ఎక్కువ అమ్ముడవుతాయి, అక్కడి న్యాయవాదులకు సభ్యత్వం, పునరుద్ధరణ తేదీలు గుర్తుచేసేవాళ్లూ ఉంటారు. కొత్తపేట, ముమ్మిడివరం లాంటి చిన్న బార్లలో సభ్యత్వం తీసుకోకుండానో, రెన్యువల్ మరిచిపోయో ఉండిపోతే కుటుంబానికి ఆ సంగతి మరణం తర్వాతే తెలుస్తుంది. కాలువ నీళ్లు శివారు ఆయకట్టుకు చివరన చేరినట్టే సంక్షేమం సమాచారమూ చిన్న కోర్టులకు చివరగా చేరుతుంది. చిన్న బార్ అసోసియేషన్ కార్యదర్శి ఏడాదిలో చేయగల ఉపయోగకరమైన పని ఏదంటే, సభ్యుల పేర్లు ముందు పెట్టుకుని ఎవరి నిధి సభ్యత్వం ఏ స్థితిలో ఉందో సరిచూడడం. దానికి ఖర్చు ఉండదు, ఫొటో కూడా ఉండదు.

జూనియర్ల సంగతి కూడా ఇక్కడే వస్తుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 డిసెంబరు 3న, న్యాయవాదుల దినోత్సవం నాడు, జూనియర్లకు మొదటి మూడేళ్లు నెలకు 5,000 రూపాయల భృతి పథకం మొదలుపెట్టింది. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, సీనియర్లు తమ దగ్గరున్న జూనియర్లకు పట్టణాల్లో 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలని సూచించింది. అది సూచన మాత్రమే, ఉత్తర్వు కాదు. మున్సిఫ్ కోర్టు స్థాయిలో సివిల్ ప్రాక్టీసు చేసే సీనియర్‌కే నెలనెలా నిలకడైన రాబడి ఉండదు. అక్కడ నెలకు 15,000 ఇవ్వమంటే జూనియర్‌ను పెట్టుకోవడమే మానేసే అవకాశం ఎక్కువ. అందుకే డెల్టాలో చాలామంది జూనియర్లు బస్సు చార్జీలు, అడపాదడపా ఇచ్చే మెమో ఫీజులతోనే మొదటి ఏళ్లు నెట్టుకొస్తారు, లేదా విజయవాడ, విశాఖపట్నం, హైదరాబాద్ దారి పడతారు.

ఫిర్యాదు నడిచే దారి

2024 మే 14న సుప్రీంకోర్టు, న్యాయవాది సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రావని తీర్పు చెప్పింది. అంతకుముందు ప్లీడరు నిర్లక్ష్యం మీద కొందరు వినియోగదారుల ఫోరం గడప తొక్కేవారు. ఆ దారి మూసుకుపోయింది. నష్టపరిహారం కావాలంటే సివిల్ దావా ఉంది, నేరం జరిగితే పోలీసు కేసు ఉంది. వృత్తిపరమైన చర్య కావాలంటే మాత్రం బార్ కౌన్సిల్ ఒక్కటే.

డెల్టాలో వివాదాలు ఎక్కడ పుడతాయో ఊహించడం కష్టం కాదు. వాయిదా తేదీ చెప్పకపోవడంతో ఎక్స్‌పార్టీ డిక్రీ (కక్షిదారు హాజరు కాలేదని ఎదుటి పక్షానికి అనుకూలంగా ఇచ్చే తీర్పు) పడడం, మోటారు ప్రమాద పరిహారం చెక్కులో పెద్ద వాటా పట్టుకోవడం, ఫీజు బాకీ ఉందని దస్తావేజులు ఇవ్వకపోవడం, రెండు పక్షాలకూ సలహా చెప్పడం. వీటిలో రెండింటి మీద నియమం సూటిగా ఉంది. గెలిస్తే ఇంత శాతం అని ఫీజు మాట్లాడుకోవడాన్ని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు నిషేధిస్తాయి. పర్సెంటేజీ మాట పరిహారం కేసుల్లో ఎంత మామూలుగా వినిపించినా అది నియమ విరుద్ధమే. ఫీజు బాకీ పేరుతో కక్షిదారు కాగితాలు అట్టిపెట్టుకునే హక్కు న్యాయవాదికి లేదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది.

ఫిర్యాదు అందాక కౌన్సిల్ ముందుగా దానిలో పస ఉందా అని చూస్తుంది. ఉందని నమ్మితేనే క్రమశిక్షణ కమిటీకి పంపుతుంది. కమిటీలో ముగ్గురు: ఇద్దరు కౌన్సిల్ సభ్యులు, ఒకరు బయటి నుంచి తీసుకున్న న్యాయవాది. విచారణ తర్వాత ఫిర్యాదు కొట్టివేయవచ్చు, మందలించవచ్చు, కొంతకాలం సస్పెండ్ చేయవచ్చు, పేరును రోల్ నుంచి పూర్తిగా తొలగించవచ్చు. ఏడాదిలోగా తేల్చకపోతే కేసు దానంతటదే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు బదిలీ అవుతుంది. ఈ గడువును రాష్ట్ర కౌన్సిళ్లు గట్టిగా పాటించాలని సుప్రీంకోర్టు 2021 డిసెంబరులో ఆదేశించింది. నిర్ణయం నచ్చనివారు 60 రోజుల్లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు, ఆపైన మరో 60 రోజుల్లో సుప్రీంకోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు.

గడువు దాటితే కేసు ఢిల్లీకి వెళ్లడం కాగితం మీద రక్షణలాగే ఉంటుంది. పాలకొల్లు నుంచి అమరావతికి సాక్షిని తీసుకెళ్లగల మనిషి ఢిల్లీకి తీసుకెళ్లలేడు. ఆలస్యం జరిగిన కొద్దీ ఫిర్యాదీకే బరువు పెరుగుతుంది. దీనికి తోడు, కేసు ఓడిపోవడాన్నీ దుష్ప్రవర్తననూ ఒకటిగా చూసి పెట్టే ఫిర్యాదులు కూడా తక్కువేమీ కాదు. కేసు ఓడిపోతే అప్పీలు చేసుకోవాలి. ఫిర్యాదులో పని చేసేవి తేదీలు, ఫీజు ఇచ్చినట్టు రుజువులు, వకాల్తా నకలు, కోర్టు డైరీలోని నమోదులు.

బహిష్కరణలు: భూహక్కు చట్టం ఉదాహరణ

ఏటా ఏదో ఒక కారణంతో విధుల బహిష్కరణ వార్త వస్తుంది. 2002 డిసెంబరు 17న హరీష్ ఉప్పల్ కేసులో సుప్రీంకోర్టు న్యాయవాదులకు సమ్మె హక్కు లేదని తేల్చింది. నల్ల బ్యాడ్జీలు, ప్రకటనలు, కోర్టు బయట శాంతియుత ప్రదర్శనలు మాత్రం చేసుకోవచ్చంది. అయినా బహిష్కరణలు ఆగలేదు.

ఆంధ్రప్రదేశ్ భూహక్కు చట్టం మీద జరిగిన ఆందోళన దీనికి తగిన ఉదాహరణ. 2023 అక్టోబరు 31 నుంచి అమల్లోకి వచ్చిన ఆ చట్టం భూమి హక్కును ఒక రిజిస్టరులో ఖాయం చేస్తామంది. నమోదు మీద నిర్ణీత గడువులో అభ్యంతరం రాకపోతే అదే తిరుగులేని రుజువు. వివాదాలను సివిల్ కోర్టు బదులు అధికారులు, అప్పిలేట్ అధికారులు తేలుస్తారు, ఆపైన హైకోర్టు. ఏళ్ల తరబడి సాగే దావాలు తగ్గుతాయని, కొనుగోలుదారుకు భరోసా వస్తుందని ప్రభుత్వ వాదన. అధికారి చేతిలో హక్కు పెడితే స్వతంత్ర విచారణ ఉండదని, చదువురాని రైతు గడువు దాటించుకుంటే భూమి పోతుందని న్యాయవాదుల వాదన.

డెల్టాలో ఈ వాదన గట్టిగా తగలడానికి కారణం ఇక్కడి భూమి తీరే. నోటిమాటగా జరిగిన పంపకాలు, రిజిస్టరు కాని పాత వీలునామాలు, గోదావరి కోసేసి మళ్లీ మేట వేసే లంక భూములు, చేతులు మారిన కొబ్బరి తోటలు, వరి పొలం పక్కనే తవ్విన రొయ్యల చెరువులు. వీటి హక్కు అడంగల్ చూసి తేలేది కాదు, సాక్ష్యం కావాలి. ఈ ఆందోళనలో న్యాయవాదుల సొంత ప్రయోజనమూ ఉందన్నది దాచాల్సిన పని లేదు. సివిల్ దావాలు పోతే చిన్న కోర్టుల్లో ప్రాక్టీసే మిగలదు. 2023 డిసెంబరు నుంచి రాష్ట్రమంతటా విధుల బహిష్కరణలు సాగాయి. 2024 జూలైలో శాసనసభ రద్దు బిల్లును ఆమోదించింది.

అంటే ఆందోళన కోరిన ఫలితం దక్కింది. దాని ఖర్చు మాత్రం ఆ రోజుల్లో వాయిదాలు పడిన కేసుల్లోని మనుషులు భరించారు. ఇంజంక్షన్ (ఎదుటివాడిని ఆపే కోర్టు ఉత్తర్వు) కోసం వచ్చినవాడికి నెల ఆలస్యమంటే పొలం గట్టు మారిపోవడమే. బహిష్కరణ తీర్మానం ముందు ఆ కోర్టు బార్ అసోసియేషన్ జనరల్ బాడీలో పుడుతుంది, తర్వాత ఐక్య కార్యాచరణ సమితికి చేరుతుంది. దాన్ని దుష్ప్రవర్తనగా చూసి చర్య తీసుకోవాల్సినది రాష్ట్ర కౌన్సిల్, అంటే ఆ జనరల్ బాడీ ఓట్లతో గెలిచినవాళ్లు. కోర్టు బహిష్కరణలకు కట్టడి పెట్టే నిబంధనతో కేంద్రం 2025 ఫిబ్రవరిలో అడ్వకేట్స్ చట్ట సవరణ ముసాయిదా విడుదల చేసింది. దేశవ్యాప్త నిరసనల తర్వాత కొద్ది రోజుల్లోనే దాన్ని వెనక్కి తీసుకుంది.

ఓట్ల లెక్క

ఓటర్లు పదివేలు దాటిన రాష్ట్రంలో కౌన్సిల్‌కు 25 మంది ఎన్నికైన సభ్యులుంటారు. అడ్వకేట్ జనరల్ పదవి రీత్యా సభ్యుడు. గడువు అయిదేళ్లు. ఎన్నికైనవాళ్లలో దాదాపు సగం మందికి కనీసం పదేళ్ల అనుభవం ఉండాలి. బార్ అసోసియేషన్ ఎన్నికల్లా ఒక ఊరికే పరిమితమైన పోటీ కాదిది, రాష్ట్రమంతా ఒకే నియోజకవర్గం. ఓటరు అభ్యర్థుల పేర్ల ఎదురుగా 1, 2, 3 అని ప్రాధాన్యతలు వేస్తాడు. గెలవడానికి కావాల్సిన కోటాను చెల్లిన ఓట్లను సీట్లకు ఒకటి కలిపిన సంఖ్యతో భాగించి, వచ్చినదానికి ఒకటి కలిపి లెక్కకడతారు. ఉదాహరణకు చెల్లిన ఓట్లు 26,000 అనుకుంటే, 26తో భాగించి ఒకటి కలిపితే 1,001. ఆ కోటా దాటినవాళ్ల మిగులు ఓట్లు, అట్టడుగున పోయినవాళ్ల ఓట్లు తర్వాతి ప్రాధాన్యతలకు బదిలీ అవుతాయి.

ఈ పద్ధతికి రెండు పర్యవసానాలు. మొత్తం ఓట్లలో నాలుగు శాతంలోపు కూడగట్టుకున్నా ఒక సీటు వస్తుంది కాబట్టి, రాజమహేంద్రవరం, కాకినాడ, ఏలూరు, భీమవరం బార్లు ఒక మాట మీద ఉంటే డెల్టాకు ఒకరికి మించి ప్రతినిధులు దక్కుతారు. అదే సమయంలో చిన్న బార్ నుంచి నిలబడే అభ్యర్థి అనంతపురంలోనో శ్రీకాకుళంలోనో రెండో, మూడో ప్రాధాన్యతల కోసం తిరగాల్సిందే. ఆ ప్రయాణాల ఖర్చు మోయగలిగినవాళ్లే బరిలో మిగులుతారు. ప్రాంతం, కులం, రాజకీయ పార్టీల పరిచయాలు ఇక్కడ పనిచేయడానికి కారణం ఈ దూరమే.

గడువు దాటినా ఎన్నికలు జరగని రాష్ట్రాల్లో వాటిని త్వరగా పూర్తిచేయాలని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో ఆదేశించింది. డిసెంబరులో మహిళలకు 30 శాతం ప్రాతినిధ్యం ఉండాలంది. ఈ విడతకు 20 శాతం ఎన్నిక ద్వారా, మిగతా 10 శాతం మహిళా న్యాయవాదులను సహసభ్యులుగా తీసుకోవడం ద్వారా. 25 సీట్లలో 20 శాతమంటే అయిదు. డెల్టా కోర్టుల్లో మహిళా జూనియర్లు కనిపిస్తున్నంతగా బార్ అసోసియేషన్ పదవుల్లో కనిపించరు. రాష్ట్రమంతా తిరిగి ప్రచారం చేయడం వాళ్లకు ఇంకా కష్టం. కాబట్టి సీట్లు కేటాయించినా, వాటికి చిన్న కోర్టుల నుంచి పోటీ వస్తుందా, లేక హైకోర్టు దగ్గర ప్రాక్టీసు ఉన్నవాళ్లకే పరిమితమవుతాయా అన్నది నామినేషన్ల దశలోనే కొంత తెలిసిపోతుంది. ఆ పది శాతానికి ఎవరిని పిలుస్తారన్నది కొత్త కౌన్సిల్ తీరుకు తొలి సూచన అవుతుంది.